మా మెంటరుకు నేను తాతనైన వైనం

ఆ మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు మగవాళ్ళ జనరల్ వార్డులో ఉన్నవారూ ఉన్నవీ ఇవి: మంచాలు పదహారు, వాటిమీద రోగులు పద్నాలుగు మంది, వాళ్ళకు తోడుగా వచ్చినవాళ్ళు తొమ్మిది మంది, రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు ఒకరు, ఆయన చెప్పింది రాసుకునే చిన్న డాక్టర్లు ఇద్దరు, పనిచేసే బీపీ మిషను ఒకటి, పనిచేయని బీపీ మిషన్లు రెండు, మూడో సంవత్సరం నర్సింగ్ విద్యార్థులం ఇద్దరం. వీళ్ళందరి ఎదుట, నలభై ఏడేళ్ళ వయసూ ఇరవై నాలుగేళ్ళ సర్వీసూ ఉన్న నాగలక్ష్మి సిస్టర్ చేతిలోని ట్రే పక్కన పెట్టి, వంగి, నా రెండు కాళ్ళకూ మొక్కింది.

నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆమె నాకు పని నేర్పాల్సిన మెంటరు.

భూమి చీలితే అందులోకి దూకుదామని కిందికి చూశాను. ఆసుపత్రి వాళ్ళు ఆ మధ్యనే గ్రానైట్ పలకలు పరిచారు. చీలే అవకాశం లేదు.

ఈ ఘోరానికి కారకుడెవరో మీరు వెతుక్కునే పని లేకుండా ముందే చెప్పేస్తాను. నేనే. సాక్ష్యం ఏ-త్రీ సైజు కాగితం మీద ఉంది. చెదలు పట్టకుండా లామినేషన్ కూడా చేయించాను.

నా గురించి మూడు ముక్కలు. ఒకటి, మాది కోయంబత్తూరు సింగానల్లూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. రెండు, నర్సింగుకు రాకముందు మెకానికల్ డిప్లొమా చేసి పంపుల వర్కుషాపులో ఏడాది పనిచేశాను. మూడు, ఆ ఏడాదిలో నాకొక జబ్బు పట్టుకుంది. ఏది కనబడినా కొలవాలి, గీయాలి, పట్టిక వేయాలి. మా అమ్మ సాంబారు కాచే విధానాన్ని కూడా ఒకసారి పెట్టెలూ బాణాలూ వేసి గీసి ఇచ్చాను. ఆమె దాన్ని మర్యాదగా తీసుకుని చింతపండు డబ్బా అడుగున పరిచింది.

మా కాలేజీలో పద్ధతి ఏమిటంటే, మూడో సంవత్సరంలో విద్యార్థులను ఇద్దరిద్దరిగా ఒక్కో సీనియర్ నర్సుకు అప్పగిస్తారు. గడువు ఎనిమిది వారాలు. ఆమె కళ్ళముందు పన్నెండు పనులు చేసి చూపించాలి. సెలైన్ ఎక్కించడానికి చేతి నరంలో సూది పెట్టడం, ముక్కుగొట్టం వేయడం, పుండు కడిగి కట్టు కట్టడం, అలాంటివి. ఒక్కో పనీ సరిగ్గా చేస్తే లాగ్‌బుక్కులో ఒక్కో సంతకం. ఎనిమిదో శనివారానికి పన్నెండు సంతకాలూ పడకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆరు నెలలు ఆగి, జూనియర్లతో కలిసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. వర్కుషాపు మానేసి ఆలస్యంగా చదువుకు వచ్చిన నాకు ఆ ఆరు నెలలు అంటే మాటలు కాదు. మా నాన్న అప్పటికే, "ఒరే, నువ్వు ఉద్యోగంలో చేరేది ముందా, నేను పని మానేసేది ముందా?" అని వారానికి ఒకసారి అడుగుతున్నాడు.

నాతోపాటు నాగలక్ష్మి సిస్టర్ చేతికి చిక్కిన రెండో విద్యార్థి స్టెల్లా. మేలూరు పిల్ల. వాళ్ళ నాన్న అక్కడ క్వారీలో లారీలకు రాళ్ళు ఎత్తిస్తాడు. వాళ్ళింట్లోనూ తెలుగే. ఏ భాషలో మాట్లాడినా నోటికి పదును మాత్రం ఒకటే.

సిస్టర్ సంగతి చెప్పాలి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆమె చేతికింద నేర్చుకున్న నర్సులు ఊరంతా ఉన్నారు. ఒక్కరూ ఆమెను మరచిపోలేదు, ఒక్కరూ ఆమె కేకలనూ మరచిపోలేదు. మొదటి మూడు వారాలు తమిళంలో నన్ను దులిపి ఆరేసింది.

"ఏమప్పా ఇంజనీరూ, అది మనిషి మోచెయ్యి. స్పానరుతో తిప్పినట్టు తిప్పుతావేం?"

"చేతులు కడుక్కున్నావా? ఎప్పుడు? ఆదివారమా?"

ఆ మూడు వారాల్లో నాకు అయిదు సంతకాలు పడ్డాయి. అంటే యంత్రం చక్కగా నడుస్తోంది. నడుస్తున్న యంత్రాన్ని విప్పకూడదని వర్కుషాపులో మా మేస్త్రీ రోజూ చెప్పేవాడు. కానీ నాలుగో వారం మొదట్లో కాలేజీలో మాకొక ఉపన్యాసం ఇచ్చారు. విషయం: మెంటరుతో సత్సంబంధాలు పెంచుకోవడం ఎలా. అందులో మొదటి సూత్రం, "మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో కనుక్కోండి." నేను దాన్ని రాసుకుని, కింద రెండు గీతలు గీసి, పక్కన గడియారం టైము కూడా వేశాను. రాపిడి తగ్గితే యంత్రం ఇంకా బాగా నడుస్తుందని నా లెక్క. అసలు రాపిడే లేకపోతే బండి చక్రం ఉన్నచోటే తిరుగుతుందని కూడా డిప్లొమాలో చెప్పారు. ఆ రోజు నేను సెలవు పెట్టినట్టున్నాను.

ఉమ్మడి విషయం మరుసటి రోజే దొరికింది. మధ్యాహ్నం మందుల గదిలో సిస్టర్ ఫోనులో మాట్లాడుతోంది.

"అమ్మా, సుగరు మాత్ర ఏసుకుంటివా? ఏసుకుంటినని సుమ్మా, ఊరికే చెప్పొద్దు. డబ్బీలో ఎన్ని ఉండాయో ఎంచి చెప్పు."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఫోను పెట్టగానే అడిగాను. "సిస్టర్, మీరు తెలుగువాళ్ళా?"

ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, తెలుగులోకి దిగింది. "నువ్వూనా? ఏ ఊరు?"

"సింగానల్లూరు."

"ఇంటిపేరు?"

తమిళనాట మా ఇంటిపేర్లు ఏ సర్టిఫికెట్లోనూ కనబడవు. పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒకటి ఉంటుంది, అంతే. ఇంటిపేరు మాకు పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రమే అటకమీది నుంచి దించే వెండి చెంబులాంటిది. నేను దాన్ని మందుల గదిలో, పట్టపగలు, ఏ సంబంధమూ లేకుండా దించాను.

"గంపలవారు."

సిస్టర్ చేతిలోని దూది డబ్బా కింద పెట్టింది. "నా పుట్టిల్లూ గంపలవారే తంబీ. ఉడుమలైపేట పక్కన. నువ్వు నాకు తమ్ముడివి అవుతావు."

ఆ రోజు మధ్యాహ్నం తన డబ్బాలోని కొబ్బరి అన్నంలో సగం నాకు పెట్టింది. సాయంత్రం నేను కట్టు వదులుగా కడితే, "తమ్ముడూ, గాడిదా, ఇట్ల కడితే మేడ దిగేలోపల జారిపోతుంది" అంది. అందులో గాడిదకన్నా తమ్ముడే ఎక్కువ వినబడింది. స్టెల్లా మొహం మాడ్చుకుంది.

పాఠకులారా, తెలివైనవాడైతే ఇక్కడ ఆగుతాడు. నేను టెక్నికల్ చదువు చదివినవాణ్ణి. తమ్ముడు అంటే ఎన్నో తరం తమ్ముడు? ఎటువైపు నుంచి? కొలత లేకుండా "అవుతావు" అనేస్తే ఎలా? ఆదివారం పొద్దున్నే పెన్సిలు చెక్కుకుని మా రాజమ్మత్త ఇంటికి వెళ్ళాను.

రాజమ్మత్త మా నాన్నకు అక్క. మా వాళ్ళలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలంటే కోర్టుకు పోరు, ఆమె దగ్గరికి వస్తారు. ఆమె తీర్పుమీద అప్పీలు లేదు.

"ఉడుమలైపేట గంపలోళ్ళా? ఎవురి కూతురు?"

"నాన్న పేరు పళనిసామి. తాత పేరు నారాయణసామి."

అత్త కళ్ళు మూసుకుంది. వేళ్ళ కణుపులమీద బొటనవేలు పైకీ కిందికీ నడిచింది. కాఫీ చల్లారింది.

"మీ తాతోళ్ళు పదకొండు మంది పుట్టినారు. పెద్దోడికీ కడగొట్టోడికీ ఇరవై అయిదేండ్లు తేడా. ఆ పెద్దోడు ఈ పాపకు తాతకు తాత. కడగొట్టోడు మీ తాత. ఆ పక్క అందురూ చిన్నవయసులోనే పెండ్లి చేసుకునిరి. ఈ పక్క మీ తాతా, మీ నాయనా నలభై దాటినాక బిడ్డల్ని కనిరి. అయితే ఆ నారాయణసామీ నువ్వూ వరసకు అన్నదమ్ములు."

"ఆయన పోయి ఇరవై ఏళ్ళయిందంట అత్తా."

"పోతే ఏమి, అన్న అన్నే. ఆయన మనమరాలికి నువ్వు ఏమవుతావు? చిన్నతాతవు."

నేను పడీపడీ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని అయిదు తరాల వంశవృక్షం గీశాను. పెట్టెలు ముప్పై ఒకటి. రక్తసంబంధానికి నిండుగీత, పెండ్లికి చుక్కల గీత, పోయినవాళ్ళకు బూడిదరంగు. అప్పటికి నాకు తెలుగు రాయడం రాదు కాబట్టి వరసలన్నీ తమిళ లిపిలో. ఒక మూల స్కేలు కూడా వేశాను, ఎందుకో నాకే తెలియదు. లామినేషన్ చేయించి, సోమవారం డ్యూటీ మొదలవగానే సిస్టరుకు రెండు చేతులతో అందించాను. సత్సంబంధాలకు ఇంతకంటే ఏం కావాలి?

సిస్టర్ పైపెట్టె మీద వేలు పెట్టింది. ఒక్కో తరం దిగుతూ వచ్చింది. నాలుగో తరంలో వాళ్ళ నాన్న, అయిదో తరంలో తాను. వేలు అక్కణ్ణుంచి పక్కకు జరిగి, రెండు మెట్లు పైకెక్కి, నా పెట్టెమీద ఆగింది. ఆమె మొహంలో రంగు మారింది.

"ఇది నిజమేనా?"

"రెండుసార్లు సరిచూశాను సిస్టర్," అన్నాను గర్వంగా.

ఆమె దాన్ని ఫొటో తీసి ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకు పంపింది. పది నిమిషాల్లో ఫోను మోగింది.

"స్పీకరు పెట్టు పాపా," అంది అవతల డెబ్బై ఏళ్ళ గొంతు. తర్వాత ఆ గొంతు తగ్గింది. "చిన్నమామా, బాగుండారా? ఇంట్లో అందురూ సుఖమా?"

చిన్నమామ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక ఆక్సిజన్ సిలిండరు తప్ప ఎవరూ లేరు. ఇంతలో ఫోనులోనే ఇంకెవరో అంటున్నారు: "అత్తా, ఏంటికి లేస్తివి? మోకాళ్ళ నొప్పి కదా, కూర్చుని మాట్లాడు."

"మామ మాట్లాడతా ఉంటే కూర్చుంటారా? ఎవురు నేర్పింది నీకు?" అని ఆమెను కసిరి, మళ్ళీ మా సిస్టరుతో, "పాపా, ఆయన్ని నువ్వు పేరు పెట్టి పిలవలేదు కదా?"

సిస్టర్ దూది డబ్బా మూత బిగించడం మొదలుపెట్టింది.

"ఏమీ అనలేదు కదా?"

"మొన్న... గాడిదా అంటినమ్మా."

అవతలి నుంచి తీర్పు వచ్చింది. "చెంపలేసుకో."

వార్డు మొత్తాన్ని వణికించే నాగలక్ష్మి సిస్టర్, మందుల గదిలో, నా ఎదుట చెంపలేసుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు నాలుక భద్రంగానే ఉంది, ఊడింది మెంటరు.

ఆ రోజునుంచి నేను "మీరు" అయ్యాను. రోగి మంచం పక్కన నిలబడితే స్టూలు వచ్చేది. బెడ్‌పాన్ తీయబోతే ఆమె లాక్కునేది. "మీరు పట్టుకోవచ్చా తాతా, ఇట్ల ఇవ్వండి." ఏడో మంచం పెద్దాయన అది విని నన్ను ఎగాదిగా చూసి, "డాక్టరమ్మా, ఈ తంబికి ఏం జబ్బు? వయసు కనబడకుండా పోయిందా?" అని అడిగాడు.

స్టెల్లా ఆనందానికి అవధుల్లేవు. "తాతా, కర్ర తెచ్చేదా? తాతా, మెట్లు పట్టుకుని దిగు. తాతా, పింఛను పుస్తకం మరచిపోవద్దు." కానీ అదే స్టెల్లాను సిస్టర్ రోజూ వంచి కడుగుతూనే ఉంది, ఆమె లాగ్‌బుక్కు నిండుతూనే ఉంది. ఆరు, ఎనిమిది, పది. తిట్లు తిని తిని ఆమె నర్సవుతోంది. మర్యాద తిని తిని నాకు ఒళ్ళు వస్తోంది.

నా లాగ్‌బుక్కు అయిదు దగ్గర ఆగిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"సిస్టర్, నేను ముక్కుగొట్టం వేస్తాను, మీరు చూడండి."

"నేను చూడగూడదు తాతా. చూస్తే తప్పు కనబడుతుంది."

"కనబడితే చెప్పండి."

"పెద్దోళ్ళకు తప్పు చెప్తారా? తాతకు దగ్గులు నేర్పినట్టు?"

ఈ తాతకు దగ్గు మందు కొలవడం కూడా సరిగ్గా రాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "పోనీ, చూడకుండా సంతకం పెట్టేయండి," అన్నాను.

ఆమె కళ్ళు ఒక్కసారి పాత సిస్టర్ కళ్ళయ్యాయి. "చూడకుండా పెట్టేదానికి అది ఏమి, పోస్టుమ్యాను నోటీసా? రేపు నువ్... మీరు ఎవురికో గొట్టం తప్పుగా ఏస్తే ఆ ప్రాణం నా సంతకం మీద ఉంటుంది."

ఆ సాయంత్రం నేను దాన్ని పటంగా గీసుకున్నాను. చూడకపోతే సంతకం లేదు. చూస్తే తప్పు చెప్పాలి. తప్పు చెప్తే తాతను ఎదిరించినట్టు. కాబట్టి చూడదు. బాణాలన్నీ గుండ్రంగా తిరిగి మొదటి పెట్టెలోకే వచ్చాయి. నా జీవితంలో గీసిన పటాల్లో తప్పులేనిది ఇదొక్కటే.

తర్వాత ఎదురుదాడి మొదలుపెట్టాను. "నేను మీ తాతను కదా, నా మాట వినాలి కదా? అయితే చెప్తున్నా, నన్ను తిట్టండి."

"సరి తాతా." ఆమె గొంతు సవరించుకుంది. నిటారుగా నిలబడింది. నేను కళ్ళు మూసుకున్నాను. "మీరు... మీరు కొంచెం... గ్లవుసు తిరగేసి ఏసుకునిరి. పరవాలేదు తాతా, తిరగేసినా బాగానే ఉండాది."

స్టెల్లా నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

ఇలా మూడు వారాలు గడిచాయి. ఎనిమిదో వారం వచ్చింది, మంగళవారం కూడా వచ్చింది. రౌండ్లు జరుగుతుండగా సిస్టర్ ఫోనుకు కబురు అందింది. వాళ్ళమ్మాయికి మొదటి ఉద్యోగం. మంచి కబురు వింటే దగ్గరున్న పెద్దల కాళ్ళకు మొక్కాలి. దగ్గరున్న పెద్దలెవరు? మూడో సంవత్సరం విద్యార్థి, చేతిలో యూరిన్ సంచితో.

ఆ తర్వాత జరిగింది వరసగా చెబుతాను. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చిన్న డాక్టర్లలో ఒకడు ఆ విషయం కూడా రాసుకున్నాడు. నాలుగో మంచం ఆయన భార్య తన బిడ్డను తీసుకువచ్చి నా కాళ్ళముందు నిలబెట్టి, "స్వామీ, వీడికి రాత్రుళ్ళు పక్క తడిపే అలవాటు, ఒక్కసారి తలమీద చెయ్యి పెట్టండి," అంది. పదకొండో మంచం ఆయన విభూతి అడిగాడు. నేను భయంతో ఏం చేస్తున్నానో తెలియక, అడిగినవాళ్ళందరి తలమీదా చెయ్యి పెట్టేశాను. అది గ్లవుసు చెయ్యి.

మధ్యాహ్నం నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ పిలిపించింది. మలయాళీ ఆవిడ, తక్కువ మాట్లాడుతుంది, ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది.

"వార్డులో దీవెనలు ఇస్తున్నావట."

"లేదు మేడమ్. అది వేరే. నేనే మీకొక ఫిర్యాదు చేద్దామనుకుంటున్నాను. నాకు మెంటర్ని మార్చాలి."

"ఎందుకు? తిడుతోందా?"

"తిట్టడం లేదు మేడమ్."

"పని చెప్పడం లేదా?"

"నా పని కూడా ఆమే చేస్తోంది."

మేడమ్ కలం కింద పెట్టింది. "మరి నీ ఫిర్యాదు ఏమిటి?"

"ఆమె నన్ను గౌరవిస్తోంది మేడమ్."

సిస్టర్ తిరిగిచ్చిన వంశవృక్షం నా సంచిలోంచి తీసి బల్లమీద పరిచి, నిండుగీతలూ చుక్కల గీతలూ వివరించాను. ఆమె అయిదు తరాలూ ఓపిగ్గా విన్నది. "మంచి డ్రాయింగ్," అంది చివరికి. "మెంటర్ని మార్చడం నా చేతిలో ఉంది. ఎనిమిదో వారంలో మార్చను. తాతను మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. శనివారం సాయంత్రం నాలుగింటికి లాగ్‌బుక్కు నా బల్లమీద ఉండాలి. పన్నెండు సంతకాలతో. లేకపోతే జూనియర్లతో కలుద్దాం."

బయట స్టెల్లా కాచుకుని ఉంది. నేను ఏడుపు మొహంతో రావడం చూసి మొదటిసారి ఎగతాళి చేయలేదు. "నువ్వు బాగా చేస్తే ఆయమ్మ నోరు మూసుకుంటుంది. నువ్వు ఎప్పుడూ చేసేటట్లు చెయ్యి. నోరు అదే తెరుచుకుంటుంది," అంది. నేను దాన్ని అవమానంగా తీసుకున్నాను.

బుధవారం పొద్దున తొమ్మిదో మంచానికి సెలైన్ ఎక్కించాలి. ఆయన పేరు మారప్పన్. కొబ్బరితోట రైతు, ఓపిక గల మనిషి. నేను సిస్టర్ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. "పక్కన నిలబడండి చాలు. ఏమీ అనవద్దు. తప్పు లేకుండా చేస్తే సంతకం పెట్టండి."

ఆమె చాలాసేపు ఆలోచించి వచ్చింది. మాట జారుతుందేమోనని చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించాను. నరం ఉబ్బింది. మందుదూదితో తుడిచాను. సూది గుచ్చాను. మొదటిసారికే నరం దొరికింది. ప్లాస్టిక్ గొట్టం లోపల ఉంచి సూది బయటికి తీశాను, ప్లాస్టరు అంటించాను, సెలైన్ గొట్టం తగిలించి క్లాంపు తిప్పాను. ఏడు మెట్లూ చదివినట్టే చేశాను. చుక్క పడలేదు.

వెనకనుంచి చిన్నగా వినబడింది. "తాతా..."

"చెప్పమ్మా," అన్నాను. మూడు వారాల తాతరికం, అలవాటైపోయింది.

"ఏమీ లేదు తాతా."

నేను ఆలోచనలో పడ్డాను. ద్రవం పైనుంచి కిందికి ప్రవహించాలి. ప్రవహించడం లేదంటే ఎత్తు చాలదు. స్టాండు ఒక జానెడు పైకి లేపాను. చుక్క పడలేదు. ఇంకో జానెడు లేపాను. గొట్టంలోకి కిందినుంచి రక్తం ఎదురెక్కుతోంది.

"తాతా, ఆ చెయ్యి..."

"ఒక్క నిమిషం అమ్మా, ప్రెషరు లెక్క వేస్తున్నా."

మారప్పన్ గారు మర్యాదగా తమిళంలో అన్నారు, "తంబీ, చెయ్యి రాయైపోతోంది. నీలంగా కూడా ఉంది."

"ఎత్తు చాలదండీ," అని నేను ఆయనకు భరోసా ఇచ్చి, స్టాండు కింద పెట్టడానికి స్టూలు కోసం చూశాను.

చేతిరుమాలు నేలమీద పడింది.

"ఒరే ఎద్దూ! ముందు ఆ పట్టీ ఇప్పరా. చెయ్యి బిగించి కట్టేసి, నీళ్ళు పారలేదని ట్యాంకు ఎత్తుతావా? వాల్వు మూసి మోటారు ఏసేటోడికి డిప్లొమా ఇచ్చినోడు ఎవుడురా? ఆయన వాయి తెరిచి చెప్తా ఉండాడు, చెయ్యి నీలమైపోయిందని. చెవుల్లో కూడా పట్టీ కట్టినావా?"

అంటూనే నన్ను మోచేత్తో తోసి ఒక్క లాగులో పట్టీ విప్పింది. చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. ఆమె మారప్పన్ గారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమురుతూ నిలబడింది, రంగు తిరిగి వచ్చేదాకా.

పదహారు మంచాల వార్డు మొత్తం ఇటే తిరిగింది. అప్పుడు తెలిసింది ఆమెకు ఏమన్నదో. చెయ్యి చెంపదాకా వెళ్ళింది, ఆగింది. మారప్పన్ గారి చేతిని చూసింది, నన్ను చూసింది.

"ఇదో, చూడు. మా పుట్టింటికి మీరు తాతే. కాళ్ళకు మొక్కమన్నా మొక్కుతా. కానీ ఈ చెయ్యి ఈయనది. దీనికి మన తాత ఎవురో, మనమరాలు ఎవురో తెలీదు. నేను నోరు మూసుకున్న ఈ మూడు నిమిషాలూ నొప్పి పడింది ఈయన. ఇంక ఈ గేటు లోపల నువ్వు స్టూడెంటువి, నేను సిస్టరు. బయటికి పోయినాక తాత."

"మీ అమ్మగారు?"

"అమ్మకు నేను చెప్పుకుంటా. అది ఏంటికి నవ్వుతా ఉండావు? దీనికి సంతకం పెడతాననుకుంటివా? రేపు మళ్ళీ చెయ్యి. పట్టీ విప్పి."

నేను నవ్వుతున్నది సంతకానికి కాదు. మూడు వారాల తర్వాత నా చెవిన పడిన "ఒరే"కు. సంగీత కచేరీకి వెళ్ళివచ్చినవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలియదు గానీ, నేను అలా ఉన్నాను.

"ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచుకున్నావమ్మా?" అన్నారు మారప్పన్ గారు, వేళ్ళు ఆడించి చూసుకుంటూ.

సాయంత్రం ఉడుమలైపేట నుంచి ఫోను వచ్చింది. ఈసారి నాకే. "చిన్నమామా, పాప మిమ్మల్ని నోటికొచ్చినట్టు అనిందంట. మనసులో పెట్టుకోవద్దండి."

"పాపను తిట్టమని నేనే చెప్పాను," అన్నాను, వీలైనంత ముసలి గొంతుతో. "శనివారం దాకా తిడుతూనే ఉండాలి."

అవతల నిట్టూర్పు వినబడింది. "పెద్దోళ్ళు చెప్తే ఇంక మాట ఏముండాది. కండిప్పా, తప్పకుండా తిట్టమంటాను."

వాళ్ళమ్మ మాట సిస్టర్ జవదాటలేదు. గురువారం పట్టీ విప్పాను, సంతకం పడింది. శుక్రవారం ముక్కుగొట్టం. శనివారం మధ్యాహ్నం మూడున్నరకు పన్నెండోది, పుండుకు కట్టు. మేడమ్ లాగ్‌బుక్కు తిరగేసి, ఒక్కో సంతకంమీదా వేలు పెట్టి చూసి, "తాతగారికి అభినందనలు," అంది, నవ్వకుండా.

ఇప్పుడు నేను అదే ఊళ్ళో ఇంకో ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఈ సందర్భంగా దూది, కత్తెర, థర్మామీటర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆసుపత్రి గేటు లోపల ఎవరైనా నా ఇంటిపేరు అడిగితే, మా ఇంటికి పేరు పెట్టడం మరచిపోయారని చెబుతాను. ఎవరి తాతకు ఎవరు తమ్ముడో కనుక్కోను. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే చెప్పబోతే చెవులు మూసుకుంటాను. పెట్టెలు గీయను. గీసినా లామినేషన్ చేయించను. నాకు పని నేర్పే మనిషి నోటికీ నా చెవికీ మధ్య ఏ గౌరవాన్నీ అడ్డం రానివ్వను.

బుధవారం ఉదయం నుంచి శనివారం సాయంత్రం వరకు పడిన సంతకాలు ఏడు. పడిన తిట్లు నలభై మూడు.